తొమ్మిదిలో ఆపితే పద్నాలుగులో ఉంది

రెండు జన్మల ప్రేమకథ అంటూ ఒక కొరియన్ సీరియల్ నెల రోజులుగా చూస్తున్నాను. నచ్చిందో లేదో నాకే తెలియదు. పోయిన జన్మలో చనిపోయిన అమ్మాయి ఈ జన్మలో అదే మొహంతో, అదే ఊళ్లో ఎలా పుడుతుందండీ? చూసిన మొదటిరోజే "నువ్వే" అంటూ వెంటపడే ఆ హీరో మీదా నాకు నమ్మకం లేదు. అయినా ఏడుస్తూనే చూస్తున్నాను.

ఈ రోజు బాపట్ల నుంచి రైల్లో వస్తూ ఫోన్‌లో పెడితే, తొమ్మిదో ఎపిసోడ్‌లో ఆపిన సీరియల్ పద్నాలుగులో ఉంది. ఇంట్లో టీవీకీ నా ఫోన్‌కీ ఒకటే అకౌంటు. మా ఆయన మీద అనుమానం వచ్చింది. అత్తయ్య మీద రాలేదు. "మనకి పునర్జన్మలు లేవమ్మా, పునరుత్థానమే" అని టీవీ ముందు నుంచి లేచి వెళ్లిపోయిన మనిషి ఆవిడ.

తెనాలి చేరాక, సాయంత్రం కుటుంబ ప్రార్థనలో అత్తయ్య ఎప్పటిలాగే జబ్బుగా ఉన్నవాళ్ల పేర్లన్నీ చెప్పి, చివర్లో, "ఆ అబ్బాయికి పోయిన జ్ఞాపకశక్తి తిరిగి దయచేయి తండ్రీ. ఆ పిల్ల ఏడుపు చూడలేకపోతున్నాం" అన్నారు.

నేను ఒక కన్ను తెరిచాను. తొమ్మిదో ఎపిసోడ్‌లో హీరోకి జ్ఞాపకశక్తి బాగానే ఉంది.

ప్రార్థన అయ్యాక అడిగాను. "అత్తయ్యా, పునర్జన్మలు లేవన్నారు కదండీ?"

"మనకి లేవు. వాళ్లకున్నాయిగా, పాపం. ప్రార్థన చేస్తే తప్పేంటి?"

చివరిదాకా చూసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ఆ ప్రార్థన ఫలిస్తుందా? అత్తయ్య కోసం అడగడం లేదు. ఆమెన్ నేనూ గట్టిగానే అన్నాను.