గనిగుంతలో ఎర్రకడుపు సీతాకోకలు

బళ్ళారి దగ్గర తోరణగల్లు దాటాక మా అక్కవాళ్ల పొలాన్ని ఆనుకుని పాత గనిగుంత ఒకటి ఉంది. అందులో టిప్పరు నడుపుతూ మా బావ చనిపోయాడు. వానకు గట్టు విరిగి బండి మీద పడింది. తర్వాత కొన్నేళ్లకు లీజు ముగిసి, ఆ నేల మళ్లీ అక్క చేతికొచ్చింది.

ఫ్యాక్టరీ బూడిద పోసి పూడుస్తామని ఎవరో అడిగితే ఆమె ఒప్పుకోలేదు.

"చిన్నప్పుడు ఈ గుట్టల్లో నల్లరెక్కల ఎర్రకడుపు సీతాకోకలు ఎంతగా తిరుగుతాండె! ఇప్పుడు ఒకటన్నా కనపడతాండాదా? గాడిదగడపాకు లేకుంటే అవి గుడ్లు యాడ పెడతాయప్పా?" అంది నాతో.

నాకు బళ్ళారిలో ఉద్యోగం. సెలవు దొరికినప్పుడల్లా వెళ్లి, ఆ ఎర్రమట్టి మీద చెరువుమట్టి, గొర్రెల ఎరువు పరిచాను. పొలంగట్ల మీద మిగిలిన గాడిదగడప తీగలను వేళ్లతో సహా తెచ్చి నాటాను. అక్క మాత్రం అంచు దాటి కిందికి దిగేది కాదు.

వానలకు తీగలు బాగా పాకాయి. ఒక ఆదివారం వెళ్లేసరికి ఆకన్నది లేదు. ఉత్త కాడలు. తడిమట్టిలో గిట్టల గుర్తు ఒక్కటీ లేదు. గొర్రెల కాపరిని అడిగితే, "ఆ చేదాకు మా మేకలు మూతి పెట్టవు సామీ. అయినా మేం ఆడికి దిగంలే" అన్నాడు.

అక్కతో చెప్పాను. ఆమె గుంతలోకి చూసి, "ఆయప్పే, మీ బావే అయింటాడు" అంది.

మళ్లీ దిగి కాడలు ఎత్తి చూస్తే ఎర్రముళ్లున్న నల్లటి గొంగళిపురుగులు కనిపించాయి. ఊపిరి పీల్చుకున్నాను. కానీ గుడ్లు పెట్టిన తల్లులేవి? అన్ని నెలల్లో మేం ఒక్క సీతాకోకనైనా చూడలేదు.

కొన్ని వారాల తర్వాత, పొద్దు వాలే వేళ, గుంత అడుగున ఎండిపోయిన కంపచెట్టు చిగిర్చినట్టు కనిపించింది. దగ్గరికి పోయాను. గాలి లేదు, ఆకులు వణుకుతున్నాయి. ఒక ఆకు విచ్చుకుంది. లోపల ఎర్రటి కడుపు. కొమ్మకొమ్మకూ అవే వేలాడుతున్నాయి. నేనంత దగ్గరికెళ్లినా ఒక్కటీ ఎగరలేదు. నా కోసమే కాచుకున్నట్టుంది.

"అక్కా, ఒకసారి రా!" అని అరిచాను.

ఆమె చెప్పులు గట్టు మీద విడిచి దిగింది. కొమ్మ దగ్గర చెయ్యి పెడితే రెండు సీతాకోకలు మణికట్టు మీదికి పాకాయి.

"ఇన్ని దినాలు యాడుంటివి?" అంది మెల్లగా.

చెట్టు నిండా వందలున్నాయి. ఆమె ఒక్కరినే అడిగింది.

ఈ ఏడు అవి రోడ్డు దాటి అవతలి గుట్టకూ పోయాయి. అక్కడా తీగలు నాటుతున్నాం. సాయంత్రం కాగానే అక్క ఆ చెట్టు కింద కూర్చుని ఏదో మాట్లాడుతుంది. మధ్యలో ఆగి వింటుంది. నేను మాత్రం చీకటి పడకముందే పైకి వచ్చేస్తాను.