చింతపండు కాటా, పినియన్ బేరింగు

సాలూరులో లారీ షెడ్డు నడిపేవాడికి రెండు చేతులుంటే చాలు, కొలతలు అక్కర్లేదని ముప్పై ఏళ్లుగా కోతలు కోస్తూ వచ్చాను. లారీ వెనక చక్రాల మధ్య ఉండే హౌసింగులో, చక్రాల్ని తిప్పే పళ్ల ఇరుసు, అదే పినియన్, దాని బేరింగులు ఎంత బిగువుగా ఉండాలో మా షెడ్లలో ఎవరూ కొలవరు. నట్టు బిగించి, కళ్లు మూసుకుని, రెండు వేళ్లతో తిప్పి చూస్తాం. పాకంలో గరిటె తిప్పినట్టు కాస్త బరువుగా, ఎక్కడా ఆగకుండా తిరిగితే సరిపోయినట్టే. వదులైతే పళ్లు కూత పెట్టి చివరికి విరుగుతాయి. మరీ బిగిస్తే బేరింగు కాలిపోయి కొండ ఘాటీ రోడ్డు మధ్యలో బండి పట్టేస్తుంది. ఆ తేడా చెప్పడంలో నన్ను మించినవాడు లేడని నాకు మహా పొగరు.

కిందటి చలికాలం నుంచి నా వేళ్ల చివర్లు మొద్దుబారాయి. షుగరు వల్లే అన్నాడు డాక్టరు. ఈ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు. వేళ్లకు తెలియకపోతే నేనింకేం మెకానిక్కుని? నిజంగా భయం వేసింది. ఆ భయాన్ని కడుపులో పెట్టుకుని, పైకి మాత్రం పాత కోతలే కోశాను.

అప్పుడే నరసన్నపేట నుంచి మాకు వరసకు అల్లుడయ్యే కుర్రాడు తన సొంత లారీ తెచ్చాడు. వెనక ఆయిలు కారుతోంది. ఇంజను వైపు నుంచి వెనక్కి వచ్చే జాయింటు రాడ్డు విప్పాను. ఆ రాడ్డును పినియన్‌కు కలిపే యోక్ మీద ఆయిల్ సీలు రాసుకుని రాసుకుని గాడి పడిపోయింది. సీలు ఎన్నిసార్లు మార్చినా ఆగదు, యోక్ మార్చాల్సిందే. బేరింగులు కూడా అరిగాయి కాబట్టి అవీ కొత్తవి వేద్దామన్నాను. మర్నాడు అతను బియ్యం లోడుతో కొరాపుట్ ఘాటీ ఎక్కాలి.

బేరింగుల మధ్య షిమ్ములని పల్చటి రేకు చుట్టలు వేసి, కొత్త యోక్ ఎక్కించి నట్టు బిగించాను. కళ్లు మూసుకుని తిప్పాను. నిజం చెప్పాలంటే నాకేమీ తెలియలేదు. కళ్లు తెరిచి చూస్తే తిరుగుతోంది, అంతే.

"సరిపోయిందా మావా?" అన్నాడు అల్లుడు.

"నా సేతిలో పడ్డాక సరిపోకుండా ఉంటాదేట్రా?" అన్నాను.

అంతలో మా ఆవిడ అన్నం క్యారేజీ తెచ్చింది. ఆవిడ సంతలో చింతపండు కొని, పిక్క తీసి అమ్ముతుంది. రెండో చేతిలో ఆ చింతపండు తూచే స్ప్రింగు కాటా ఉంది.

"బావా, దీంతో ఓపాలి లాగి సూడు" అంది.

నాకు తెలుసు ఆ మాట ఎక్కడిదో. కిందటేడు విడిభాగాల కంపెనీ మనిషొకాయన వచ్చి, పినియన్ బేరింగులుండే గుండ్రటి గూడుకి తాడు చుట్టి కాటాతో లాగి బిగువు కొలవడం నేర్పబోయాడు. వెళుతూ ఓ పుస్తకం కూడా ఇచ్చిపోయాడు. నేను ఇంటికొచ్చి, అన్నం తింటూ ఆయన్ని తెగ వేళాకోళం చేశాను. ఆవిడ ఆ సంగతి గుర్తుపెట్టుకుంది.

"సింతపండు కాటాతో లారీ బాగుసెయ్యమంటావేటే? నలుగురూ నవ్విపోతారు."

"నవ్వనీ. రేపు ఘాటీ ఎక్కేది ఆ నలుగురూ కాదు, ఈ అల్లుడు."

యోక్‌ను బల్లకున్న వైసు దవడల్లో బిగించి, బేరింగుల గూడు చుట్టూ తాడు చుట్టి, కాటా కొక్కెం తగిలించి లాగాను. తిరుగుతున్నంతసేపూ ముల్లు ఆరు కేజీల దగ్గర నిలబడింది. దుమ్ము దులిపి పుస్తకం చూస్తే, రెండు, మూడు కేజీల మధ్య ఉండాలని ఉంది. నా చేతులు దివ్యంగా ఉందన్న బేరింగు, అల్లుణ్ణి ఘాటీ మలుపులో నిలబెట్టేసేది.

వెంటనే విప్పి, బిగువు తగ్గడానికి ఇంకో షిమ్ము చేర్చాను. ఇంకా బిగువే. మళ్లీ విప్పాను. మూడోసారికి ముల్లు రెండున్నర దగ్గర కుదురుకుంది. అల్లుడు నవ్వలేదు, తాడు చుట్టడానికి తనూ ఓ చెయ్యి వేశాడు.

మర్నాడు ఘాటీ పైనుంచి ఫోను చేశాడు. "మావా, హౌసింగు మీద సెయ్యెట్టి సూశాను. ఎచ్చగా ఉన్నాది గానీ కాలట్లేదు. ఆయిలు సుక్క కూడా కారలేదు."

ఆ సాయంత్రం ఎప్పటిలాగే ఆవిడ పక్కన కూర్చుని చింతపండు పిక్కలు తీస్తూ, "నా సేతుల సంగతి నీకెవరు సెప్పారు?" అని అడిగాను.

ఆవిడ నేను తీసి పక్కన పెట్టిన ముద్దను విప్పి చూపించింది. లోపల నాలుగు పిక్కలున్నాయి.

"సీజను మొదలైన కాడి నుంచీ ఇంతే. నువ్వు పడుకున్నాక మళ్లీ నేను తీస్తన్నాను."

"మరి సెప్పలేదేటి?"

"సెప్తే షెడ్డుకి తాళమేసేస్తావు. నీ సేతికి కాటా ఇచ్చాక సెప్దారని ఊరుకున్నాను."

సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా, గుండెల మీంచి బరువు దిగింది. ఆ కాటా ఇప్పుడు మా షెడ్డు గోడకే ఉంటోంది, సంతకు ఆవిడ ఇంకోటి కొనుక్కుంది. సాయంత్రాలు నేనింకా పిక్కలు తీస్తూనే ఉన్నాను. నేను వదిలేసినవి ఆవిడ ఇప్పుడు నా ఎదురుగానే తీస్తుంది.