ఆగని మోటారు

ఇది ఎవరో చెబితే విన్నది కాదు. నాకే జరిగింది. నా ఇద్దరు కూతుళ్ల మీద ఒట్టు. తాగి ఉన్నావా అని అడుగుతారేమో... నాకు ఆ అలవాటు లేదు. నిద్రమత్తూ కాదు. సాయంత్రం ఏడు, ఏడున్నర మధ్య. పూర్తి మెలకువలో ఉన్నాను.

నా పేరు మస్తాన్. నాయుడుపేటలో బైకుల మెకానిక్‌ని. పులికాట్ సరస్సు పక్క పల్లెల్లో పడవలకు మోటార్లు బిగించుకోవడం మొదలయ్యాక, వాటి రిపేరు కూడా నేనే చూసేవాణ్ని. అలా పరిచయమైనవాడు మునిరత్నం. చేపలు పట్టేవాడు. నాకంటే రెండేళ్లు పెద్ద. నెమ్మదస్తుడు. పని అయ్యాక అన్నం పెట్టకుండా పంపేవాడు కాదు.

అతని పడవకు వెనక తగిలించే పెట్రోలు మోటారు ఉండేది. పాతది. అలాంటి మోటారుకు ఒక ఎర్ర తాడు ఉంటుంది, చుట్టలు చుట్టలుగా. ఒక కొస క్లిప్పుతో మోటారు మీది స్విచ్‌కు తగిలి ఉంటుంది. రెండో కొస నడిపేవాడు మణికట్టుకు వేసుకోవాలి. మనిషి నీళ్లలో పడితే తాడు లాగుతుంది, క్లిప్పు ఊడుతుంది, మోటారు అక్కడికక్కడే ఆగిపోతుంది. ఆ తాడు పని అంతే. అది పని చెయ్యకపోతే... మనిషి పడతాడు, పడవ ఆగదు. పట్టుకునే చెయ్యి లేక హ్యాండిల్ ఒక పక్కకు తిరిగిపోతుంది. పడవ గుండ్రంగా చుట్టుకుని మళ్లీ ఆ మనిషి మీదికే వస్తుంది. నీళ్ల కింద ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది.

ఇదంతా నాకు తెలుసు. తెలిసే చేశాను.

రొయ్యలు బాగా పడుతున్న రోజుల్లో ఆ క్లిప్పు విరిగింది. అది లేకపోతే మోటారు స్టార్టు కాదు. కొత్తది చెన్నై నుంచి రావాలి, వారం పడుతుంది. మునిరత్నం కాచుకుందామనే అన్నాడు. తొందర నాది. రెండు నిమిషాల పని అని చెప్పి, స్విచ్‌కు పోయే వైరు ఊడదీసి టేపు చుట్టాను. ఒక్క లాగుడుకే మోటారు అందుకుంది.

"ఏం కాదు గదా మస్తానూ?" అన్నాడు మునిరత్నం.

"వారమే గదప్పా. క్లిప్పు రాంగానే తగిలిస్తా."

క్లిప్పు వచ్చింది. నా షాపులో టేబుల్ డ్రాయరులో పడి ఉంది. ఇవాళ పోదాం, రేపు పోదాం... ఇరవై రోజులు గడిచిపోయాయి.

ఆ తర్వాత ఒక తెల్లవారుజామున మునిరత్నం ఒంటరిగా వెళ్లాడు. ఒడ్డున ఉన్నవాళ్లకు మోటారు శబ్దం చాలాసేపు వినబడిందట. దగ్గరికి రాలేదు, దూరం పోలేదు. వల చుట్టూ తిరుగుతున్నాడేమో అనుకున్నారట. పెట్రోలు అయిపోయాక శబ్దం ఆగింది. అప్పుడు పోయి చూశారు.

నేను వెళ్లేసరికి పడవను ఒడ్డుకు లాగారు. జనమంతా ఇంటి దగ్గర ఉన్నారు. పడవ దగ్గర ఎవరూ లేరు... అనుకున్నాను. మోటారు మూత తీశాను. టేపు విప్పి వైరు తగిలించేశాను. డ్రాయరులోంచి తీసి జేబులో వేసుకొచ్చిన కొత్త క్లిప్పు పెట్టి, తాడు వేలాడదీశాను. ఇక ఎవరు చూసినా అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పాపం, తాడు చేతికి వేసుకోవడం మరిచిపోయినాడని ఊరంతా అనుకున్నారు. నేనూ తల ఊపాను. నా తప్పు తీసుకెళ్లి చచ్చిపోయినవాడి మీద పెట్టాను.

ఏడాది గడిచింది. మునిరత్నం భార్య కస్తూరి ఫోన్ చేసింది. ఆమె తమ్ముడు ఇక మీద పడవ నడుపుతాడట. నేనొకసారి మోటారు చూసి, నీళ్ల మీద నడిపి చెబితే ధైర్యంగా ఉంటుందని అడిగింది. కాదనలేకపోయాను.

మధ్యాహ్నమంతా మోటారు విప్పి శుభ్రం చేశాను. అయిదింటికి పడవ ఎక్కాను. లైఫ్ జాకెట్ వేసుకున్నాను. తాడు మణికట్టుకు వేసుకున్నాను. ఒడ్డునే క్లిప్పు లాగి చూశాను. మోటారు టక్కున ఆగింది. బాగుంది అనుకుని బయల్దేరాను.

వెనక్కి తిరిగేటప్పుడు ఫ్యానుకు నాచు చుట్టుకుంది. మోటారు ఆపి, పైకి ఎత్తి, కత్తితో కోసి తీసేసరికి చీకటి పడిపోయింది. దూరంగా శ్రీహరికోట వైపు దీపాలు. మిగతాదంతా నలుపు. మళ్లీ స్టార్టు చేశాను. వలలు కట్టే కర్రలు ముందు ఎక్కడున్నాయో కనబడక లేచి నిలబడ్డాను. నడిచే పడవలో నిలబడకూడదు. ఎంతమందికి చెప్పానో ఆ మాట.

పడవ దేనికో తగిలింది. నేను నీళ్లలో ఉన్నాను.

గొంతు దాకా నీళ్లు. కింద బురద, కాళ్లు మోకాళ్ల దాకా దిగిపోయాయి. మణికట్టు చురుక్కుమంది. తడిమి చూసుకున్నాను. తాడు ఉంది. తాడు కొసకు క్లిప్పు ఉంది. ఊడి వచ్చేసింది. నా చేతిలోనే ఉంది...

మోటారు ఆగలేదు.

బుర్ర్... అని దూరంగా వెళ్లింది. అమ్మయ్య అనుకున్నాను. శబ్దం ఎడమ పక్కకు తిరిగింది. తర్వాత వెనక్కి. తర్వాత కుడి పక్కకు. చుట్టూ తిరుగుతోంది. మొదటి చుట్టు పెద్దది. దాని అల వచ్చి నా ముఖానికి కొట్టింది. రెండో చుట్టుకు పెట్రోలు పొగ వాసన ముక్కుకు తగిలింది. మునుగుదామంటే జాకెట్టు మునగనివ్వదు. కదులుదామంటే బురద వదలదు. జాకెట్టు బకిల్ వెతుకుతున్నాను... వేళ్లు మొద్దుబారిపోయాయి.

మూడోసారి అది చుట్టు తిరగలేదు. నేరుగా వచ్చింది. చీకట్లో పడవ ముక్కు తెలుస్తోంది. వెనక ఎవరూ లేరు. లేరనే అనుకుంటున్నాను.

అప్పుడు నా నోట్లోంచి వచ్చేసింది. "మునిరత్నం... వైరు నేనే తీసినానప్పా."

గట్టిగా కూడా అనలేదు.

మోటారు శబ్దం తగ్గింది. ఇక్కడ జాగ్రత్తగా వినండి. క్లిప్పు ఊడితే మోటారు ఒక్కసారిగా ఆగుతుంది. ఇది అలా ఆగలేదు. తగ్గింది... ఇంకా తగ్గింది... ఒడ్డు దగ్గరికి వచ్చేటప్పుడు నడిపేవాడు హ్యాండిల్ తిప్పి తగ్గిస్తాడే, అలా. బుర్... బుర్... బుర్... ఆ తర్వాత 'టక్' అని గేరు పడిన శబ్దం. ఆ తర్వాత నిశ్శబ్దం.

పడవ తేలుతూ వచ్చి మెల్లగా నా భుజాన్ని తాకింది.

ఎలా ఎక్కానో గుర్తులేదు. మెడలో ప్లాస్టిక్ కవరులో ఉన్న ఫోన్ తీసి లైటు వేశాను. హ్యాండిల్ పూర్తిగా తగ్గించి ఉంది. గేరు న్యూట్రల్‌లో ఉంది. క్లిప్పు పెట్టి స్టార్టు చేశాను. లాగాను. టక్కున ఆగింది. నాలుగుసార్లు చూశాను. నాలుగుసార్లూ ఆగింది.

ఆ తర్వాత మోటారు ముట్టుకోలేదు. వెదురు గెడతో తోసుకుంటూ ఒడ్డుకు వచ్చాను.

కస్తూరి టార్చిలైటు పట్టుకుని నిలబడి ఉంది. ఆ తడి బట్టల్లోనే మొత్తం చెప్పేశాను. వైరు సంగతి, డ్రాయరులో ఉండిపోయిన క్లిప్పు, ఆ రోజు ఎవరూ లేనప్పుడు నేను చేసిన పని. ఆమె టార్చి ఆర్పేసింది.

"ఆ పొద్దు ఇంట్లో ఉండలేక నేను ఆడనే ఉండానన్నా, వల ఎండేసిన చాటున" అంది. "మోటారు సంగతి నాకేం తెలుసు. నువ్వు అటూ ఇటూ చూసి మోటారు మూత తీసింది చూసినాను. నువ్వే చెప్తావని కాచుకోని ఉండాను."

తిట్టి ఉంటే బాగుండేది.

మరునాడు ఊళ్లో అందరి ముందూ చెప్పాను. మునిరత్నం ఏమీ మరిచిపోలేదని, తప్పు నాదని. ఎవరూ కొట్టలేదు. ఒక ముసలాయన మాత్రం లేచి వెళ్లిపోయాడు. ఆ పల్లె నుంచి ఇప్పుడు నా షాపుకు ఎవరూ రారు. కస్తూరి తమ్ముడు మోటారు సూళ్లూరుపేటలో చూపించుకుంటున్నాడని విన్నాను. అదే మంచిది.

మెకానిక్‌గా ఆలోచిస్తే అన్నిటికీ కారణం దొరుకుతుంది. ఉప్పునీళ్లకు స్విచ్ ఒక్కోసారి ఇరుక్కుని, కాసేపటికి వదులుతుంది. అదురుకు హ్యాండిల్ వదులై తగ్గవచ్చు. అరిగిన గేరు జారవచ్చు. కానీ మూడూ ఆ ఒక్క నిమిషంలోనే, చేయి తిరిగిన పడవవాడు చేసినట్టు ఒకదాని తర్వాత ఒకటి... ఏమో. నాకు తెలియదు.

ఒకవేళ మునిరత్నమే అయితే, ఎందుకు ఆపాడో... అది అంతకన్నా తెలియదు.