ధారకు అడ్డం పెట్టిన చెయ్యి

రక్తం రాలేదు. ఆ ఇంట్లో ఇప్పటికీ ఎవరికీ మింగుడుపడని సంగతి అదే. ఎడమచేతి చూపుడువేలి కొన మీద ఒక చుక్క, సూది మొన ఆనించి తీసినంత. దానివల్ల చెయ్యే పోయే పరిస్థితి వస్తుందని ఆ పొద్దున ఎవరైనా చెప్పి ఉంటే, షెడ్డులో ఉన్నవాళ్ళు పగలబడి నవ్వేవారు.

ఆ చెయ్యి తుప్పు మేస్త్రిది. తూకానికి అమ్మేయాల్సిన నూర్పిడి యంత్రాలు, ఇంజన్ బిగుసుకుపోయిన ట్రాక్టర్లు, పళ్ళు ఊడిన విత్తనాల గొర్రులు ఆయన షెడ్డుకు వస్తాయి. కొన్నాళ్ళకు రంగు పూసుకుని పనిలోకి వెళ్తాయి. అందుకే ఆ పేరు. ఆయనకు దానిమీద కోపం లేదు. "తుప్పు లేకపోతే నాకు కూడెక్కడిది?" అంటాడు.

బండి రాగానే ఇంజన్ తిప్పించి, కవరు మీద ఎడమ అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుంటాడు. బేరింగు అరిగిందా, వాల్వు బద్ధకిస్తోందా చెబుతాడు. విప్పి చూస్తే చాలాసార్లు అదే. కుడిచెయ్యి పెట్టవేమంటే, "అది సుత్తి పట్టి పట్టి మొద్దుబారింది. ఎడమదానికే నాడి తెలుసు" అంటాడు. పంపు నీళ్ళు, కంప్రెసరు గాలి, పొగ గొట్టం వేడి, ఏదైనా సరే ఆ చెయ్యి ముందుకు పోవాల్సిందే. నలుగురూ దాన్నే హస్తవాసి అన్నారు. మీటర్లు ఆయన షెడ్డులో మేకులకు వేలాడుతుంటాయి, దుమ్ము పట్టి.

పాత యంత్రాల పనిలో సగం కడగడమే. ఏళ్ళనాటి గ్రీజు, మట్టి, పొట్టు కలిసి రాయిలా గట్టిపడి ఉంటాయి. స్క్రేపరుతో గీకి, వైరు బ్రష్షుతో రుద్ది, కిరసనాయిలు గుడ్డతో తుడవాలి. ఆ రుద్దుడుకు మేస్త్రి భుజం పట్టేసింది. తల దువ్వుకోవడానికి కూడా చెయ్యి లేవడం లేదు. ముందు గదిలో బట్టలు కుట్టే ఆయన భార్య అది చూసి, పంపుల షాపు నడిపే తమ్ముడికి ఫోను చేసింది. అతను ఆటోలో రెండు ప్రెషర్ వాషర్లు వేసుకొచ్చాడు. రెండూ వాడి చూసి, నచ్చింది ఉంచుకోమన్నాడు.

"చిన్నది నూట ముప్పై బార్లు బావా. పెద్దది రెండొందల యాభై."

గుమ్మంలో నిలబడి, మెడలో టేపు వేలాడేసుకున్న అక్క అందుకుంది. "ఒక్క బారుకే సంసారాలు కూలిపోతున్నాయి. రెండొందల యాభై దేనికిరా?"

"ఆ బారు కాదక్కా! నీళ్ళ ఒత్తిడి లెక్క."

"ఏ బారైనా మీ బావని మాత్రం దగ్గరికి పోనీకు. అన్నిట్లో వేలు పెట్టే మనిషి."

ముగ్గురూ నవ్వుకున్నారు. ఆమె మళ్ళీ కుట్టుమిషను దగ్గరికి వెళ్ళిపోయింది.

పరీక్షకు సిద్ధంగా ఉన్నది ఒక పాత ట్రాక్టరు. ఎవరిదో పశువుల కొట్టంలో పడి ఉండగా సీటు కింద కోళ్ళు గుడ్లు పెట్టాయి. ఆ గడ్డి ఇంకా అలాగే ఉంది. మిషన్లు నీళ్ళు లాగే పీపాలో మేస్త్రి నీళ్ళు పట్టి, సబ్బు కలిపి, అలవాటు ప్రకారం కిరసనాయిలు ఒంపాడు. వట్టి నీళ్ళకు గ్రీజు లొంగదని ఆయన లెక్క. చేతిపంపుతో పిచికారీ చేసిన రోజుల్లోనూ అదే పద్ధతి.

"కిరసనాయిలా? లోపల రబ్బర్లు పోతాయి బావా!" అన్నాడు బావమరిది.

"ఒక్కపూటకు ఏం పోవులే. నీ మిషను అంత సుకుమారమైతే మీ ఇంట్లోనే పెట్టుకో."

చిన్న మిషను మట్టిని దించింది గానీ ఇరుసు దగ్గర గ్రీజును కదపలేకపోయింది. పెద్దదానికి బావమరిది ఎర్ర నాజిల్ బిగించాడు. తెల్ల నాజిల్ ధారను విసనకర్రలా పరుస్తుంది, ఎర్రది సూదిలా ఒకే చోట దింపుతుంది. గన్ను మీట నొక్కగానే గడ్డలు గడ్డలుగా మురికి ఎగిరిపడింది. కింద నుంచి లోహం తెల్లగా బయటపడింది. ఇరుసు చివర బేరింగు చుట్టూ కూడా మేస్త్రి తనివితీరా కొట్టాడు. ఇన్నేళ్ళు గీకి గీకి చచ్చాను కదరా అని నోరు తెరిచాడు.

"ఎంత తేడా ఉందంటావ్ బావా?"

"ఉండు, చూసి చెప్తా."

కుడిచేత్తో గన్ను పట్టుకుని, ఎడమచెయ్యి ధారకు అడ్డం పెట్టాడు. చేతికి రబ్బరు తొడుగు ఉంది. క్షణమైనా పట్టలేదు. చెయ్యి వెనక్కి లాక్కుని, "అబ్బో, గట్టిదే" అన్నాడు. తొడుగు తీసి చూశాడు. వేలి కొన మీద చుక్క. బావమరిది కూడా వంగి చూసి, "చీమ కుట్టినట్టుంది" అన్నాడు. ఇద్దరూ మళ్ళీ పనిలో పడ్డారు.

మధ్యాహ్నం భోజనం దగ్గర ఆయన ఎడమచేత్తో నీళ్ళ గ్లాసు అందుకోబోయి జారవిడిచాడు. భార్య ఆ వేలు పట్టుకుని చూసింది. పాలిపోయి ఉంది. ఉబ్బి, వంగనంటోంది. ముట్టుకుంటే చల్లగా తగిలింది.

"ఏం గుచ్చుకుంది?"

"ఏం లేదు. నీళ్ళు తగిలాయి."

"నీళ్ళు తగిలితే వేలు ఇట్టా కొయ్యబారిపోద్దా? నొప్పిగా ఉందా?"

"నొప్పేం లేదు, మొద్దుగా ఉంది. సాయంత్రానికి సర్దుకుంటుంది."

మిషను సూది వేలిలో దిగిన సందర్భాలు ఆమెకు లేకపోలేదు. ప్రతిసారీ ప్రాణం పోయినంత నొప్పి, ధారగా రక్తం. ఇక్కడ రెండూ లేవు. "లే. చెయ్యి కడుక్కో" అని సగం భోజనంలో లేపింది.

వీధి చివరి డాక్టరుకు ఆయనతో చనువు. "ఏం మేస్త్రీ, ఈసారి నీ బండే షెడ్డుకొచ్చిందా?" అంటూ వేలు అందుకున్నాడు. చుక్క చూసి, "ఇంతేనా?" అన్నాడు. ఎలా తగిలిందో మేస్త్రి చెబుతుంటే ఆయన ముఖంలో నవ్వు ఆగిపోయింది.

"వట్టి నీళ్ళేనా?"

"నీళ్ళే. కాస్త సబ్బు. కాస్త కిరసనాయిలు."

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. "ఎప్పుడు తగిలింది?"

"పొద్దున."

"పొద్దున తగిలితే ఇప్పుడా రావడం?" ఆయన గొంతు ఒక్కసారిగా పెరిగింది. బయట బల్ల మీద కూర్చున్నవాళ్ళు లోపలికి తొంగిచూశారు. "ఇక ఒక్క ముద్ద తినకు, గుక్కెడు నీళ్ళు తాగకు. అమ్మా, ఆటో పిలువు. పెద్దాసుపత్రికి నేను ఫోను చేస్తున్నా."

"ఇంత చుక్కకా సారూ?"

"చుక్క పైన కనిపించేది. నూనె లోపలికి పోయింది. వేలిలోంచి అరచేతి దాకా గొట్టంలాంటి దారి ఉంటుంది, దానికి అడ్డం ఏమీ లేదు. లోపల కాలుతోంది మేస్త్రీ, నీకు తెలియడం లేదు."

మేస్త్రి తన చేతి వంక చూసుకున్నాడు. నలభై ఊళ్ళ ఇంజన్ల లోపల ఏముందో చెప్పిన చెయ్యి, తన లోపల కిరసనాయిలు పాకుతుంటే ఒక్క మాట చెప్పలేదు. భార్య ఆటో కోసం వీధిలోకి పరిగెత్తింది.

ఆపరేషను గది ముందు బెంచీ మీద అక్కాతమ్ముళ్ళు కూర్చున్నారు. తమ్ముడి ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"అక్కా, ఆ మిషను మీద బొమ్మ ఉంది. ధారకు చెయ్యి అడ్డం పెట్టినట్టు, దాని మీద ఇంటూ కొట్టినట్టు."

"మరి మీ బావకు చూపించలేదేం?"

"నాకు కనపడలేదక్కా. మన షాపు స్టిక్కరు దాని మీదే అంటించాను. ఇప్పుడు పోయి పీకితే, కింద అది ఉంది."

ఆమె కొట్టలేదు, తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని అతను తర్వాత చాలామందితో అన్నాడు.

సర్జన్ డాక్టరమ్మ బయటికొచ్చి మాస్కు దించింది. వేలి నుంచి అరచేతి మధ్య దాకా తెరవాల్సి వచ్చిందని చెప్పింది. "కొయ్యగానే గదంతా కిరసనాయిలు వాసన. ఎంత కడిగినా వస్తూనే ఉంది. గాయం కుట్టలేదు, తెరిచే ఉంచాం. మళ్ళీ కడగాలి."

'కడగాలి' అన్న మాట దగ్గర భార్య చప్పున తలెత్తింది. రోజూ షెడ్డులోంచి వినే మాట అది.

చెయ్యి నిలుస్తుందా లేదా అన్నది వారం పాటు ఎవరూ తేల్చి చెప్పలేదు. కడిగారు, మళ్ళీ కడిగారు. అరచెయ్యి రక్తం ఆడి, ఎర్రబడి దారికొచ్చింది. చూపుడువేలు మాత్రం కొన నుంచి నల్లబడుతూ వచ్చింది. తీసేయాలని చెప్పినప్పుడు మేస్త్రి అడిగింది ఒకటే. "మిగతా వేళ్ళకు తెలుస్తుందా?"

"ఏం తెలియాలి?"

ఆయన కట్టులోంచి బయటికున్న బొటనవేలిని మంచం కమ్మీకి ఆనించి చూసుకున్నాడు.

కట్టు విప్పాక భార్యతో కలిసి షెడ్డుకు వచ్చాడు. బావమరిది రెండు మిషన్లనూ తీసుకుపోవడానికి ఆటోతో వచ్చి నిలబడ్డాడు, తల ఎత్తకుండా. మేస్త్రి కోళ్ళ ట్రాక్టరు దగ్గరికి వెళ్ళి, ఇరుసు చివర బేరింగు మూత విప్పమన్నాడు. పైకి అద్దంలా మెరుస్తోంది. మూత తీయగానే లోపల గ్రీజు మజ్జిగలా తెల్లబడి కారింది. ఎర్ర ధార, నీళ్ళను ఆపాల్సిన రబ్బరు సీలును దాటి లోపలికి నీళ్ళు తోసేసింది. అప్పటికే బేరింగు గుండ్ల మీద తుప్పు మొదలైంది.

"చిన్నది ఉంచు," అన్నాడు మేస్త్రి. "తెల్ల నాజిల్ చాలు. ఎర్రది దీనితో కూడా వద్దు. గ్రీజు పోకపోతే నానబెట్టి గీకుతాం. పీపాలో వట్టి నీళ్ళే."

"గీకితే నీ భుజమో?" అంది భార్య.

"భుజం నొప్పెడుతుంది. నొప్పెడితే తెలుస్తుంది కదా."

గన్ను ఆమె పట్టుకుంది. రెండు చేతులతో, కుట్టుమిషను చక్రం ఆపినంత ఒడుపుగా. ఆయన పక్కన నిలబడి ఎంత దూరం, ఎటు వాలు అని చెబుతున్నాడు. బావమరిది స్విచ్చు వేశాడు. తెల్లటి ధార విసనకర్రలా పరుచుకుని, మడ్గార్డు మీది మట్టిని మెల్లగా దించుతోంది.

"ఇంకొంచెం దగ్గరికి. ఆ, అంతే. బలం సరిపోతోందా?"

"నన్నడుగుతావేం? నువ్వే చూ..." అంటూ ఆమె పక్కకు తిరిగింది. మరుక్షణం మీట వదిలేసి కెవ్వున అరిచింది.

నాలుగు వేళ్ళ ఎడమచెయ్యి ధార వైపు చాపి ఉంది. అరచెయ్యి తెరుచుకుని, నాడి చూడటానికి. అది ఎప్పుడు లేచిందో మేస్త్రికి తెలియదు. ఆయన ముందు భార్య వైపు చూశాడు, ఆమె చూపు వెంట తన చేతి వైపు చూశాడు. ఎవరిదో చెయ్యి చూసినట్టు ఉలిక్కిపడ్డాడు.

మెల్లగా దాన్ని దించి, ప్యాంటు జేబులో పెట్టుకున్నాడు. జేబు పైనుంచి కుడిచెయ్యి అదిమిపట్టాడు.

"ఊ, నొక్కు," అన్నాడు.

ఆమె చాలాసేపు నొక్కలేదు.