వీడియోలో వినిపించిన నత్తి

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. వనపర్తిలో డిగ్రీ చదివేటప్పుడు మా హాస్టల్లో ఒక గదిలో ఎవరో ఉరేసుకున్నారని ఎవరూ ఉండేవారు కాదు. రెండేళ్లు ఆ గదిలో ఒక్కణ్నే ఉన్నాను. గది విడిగా దొరికిందని సంతోషించాను తప్ప ఏ రాత్రీ నిద్ర చెడలేదు. ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, కింద రాసింది చదివి వీడికి మొదటి నుంచీ ఈ పిచ్చి ఉందేమో అనుకోకూడదని.

మాది బిజినేపల్లి దగ్గర పల్లె. అమ్మ పుట్టిల్లు గద్వాల అవతల, కర్ణాటక సరిహద్దులో. నేను పుట్టాక ఆ ఊరికి మా ఇంటి నుంచి ఎవరూ వెళ్లలేదు. అక్కడి మాటలో కన్నడం కలుస్తుందని విన్నాను గానీ, అమ్మ మా ఇంట్లో ఎప్పుడూ అలా మాట్లాడలేదు. మాకొక మేనమామ ఉండేవాడనీ, చిన్న వయసులోనే బావిలో పడి చనిపోయాడనీ మాత్రం తెలుసు.

కొన్నేళ్ల కింద స్పెయిన్ దక్షిణాన ఒక చిన్న పట్నంలో, బడిలో లాంగ్వేజ్ అసిస్టెంటుగా పని దొరికింది. టీచరు పక్కన నిలబడి పిల్లలతో ఇంగ్లిష్ మాట్లాడించాలి. ఏ అక్షరానికి నాలుక ఎక్కడ ఆనాలో చూపించాలి. పని తేలికే. అలవాటు కానిది అక్కడి రాత్రి. తొమ్మిదింటికే పడుకునే ఊళ్లో పెరిగాను. అక్కడ పది దాటితే గానీ భోజనం లేదు. ఆ తర్వాతే వీధులు నిండుతాయి. ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు కూడా బయటే ఉంటారు. మొదటి రెండు నెలలు దిండును చెవులకు అదుముకుని పడుకున్నాను.

నాతో పనిచేసే మార్తా అనే టీచరు నా కళ్ల కింద నలుపు చూసి, శుక్రవారాలు తన స్నేహితుల దగ్గరికి తీసుకెళ్లడం మొదలుపెట్టింది. నేను తాగను. అది అందరికీ తెలుసు. నా ముందు నారింజ రసం పెట్టి నవ్వేవాళ్లు. మెల్లగా ఆ గోల నాకూ నచ్చింది.

అలాంటి ఒక శుక్రవారం, బారులో మూల బల్ల దగ్గర కూర్చుని తింటున్నాను. పాకో అని మార్తా స్నేహితుడు. మంచివాడు. వెనక నుంచి వచ్చి సరదాగా నా మెడ మీద ఒక్కటి చరిచాడు.

అంతవరకే నాకు గుర్తుంది.

తెలివి వచ్చేసరికి నేలమీద బోర్లా పడి ఉన్నాను. ముగ్గురు నన్ను అదిమి పట్టుకున్నారు. నా పిడికిళ్ల మీద చర్మం లేచిపోయింది. చొక్కా నిండా నెత్తురు. అది నాది కాదు. పాకో దవడ రెండు చోట్ల విరిగింది, ముందుపళ్లు ఊడాయి, ఒక చెవి సగం తెగి వేలాడుతోంది. స్టూలు ఎత్తి అతని మొహం మీద కొడుతూనే ఉన్నానట. నేను బక్కవాణ్ని, అతను నాకు రెండింతలు. ఆసుపత్రిలో నా నెత్తురు పరీక్ష చేశారు. మందు లేదు, మత్తు లేదు. తల స్కాన్ చేసి మూర్ఛ జాడ కూడా లేదన్నారు.

ఎవరో ఫోన్లో తీసిన వీడియో పోలీసులకు దొరికింది. అందులో నేను అరుస్తున్న మాటలేమిటో తేల్చడానికి వాళ్లు ఒక తెలుగావిడను ఫోన్లో పిలిచారు. ఆమెది విజయవాడ. వీడియో విని, నాతో మాట్లాడి, అయోమయంలో పడింది.

"మీరు మాట్లాడేది నాకు బాగానే తెలుస్తోందండీ. ఆ వీడియోలో అబ్బాయి మాటే సగం అర్థం కావడం లేదు. కన్నడం కలిసినట్టుంది. పైగా అతనికి నత్తి."

"అది నేనేనండీ" అన్నాను.

అప్పుడు నాకు చూపించారు. మొహం నాదే. గొంతు నాది కాదు. నాకంటే సన్నం, నాకంటే లేత. ఒక్కో దెబ్బకూ ఒక్కో మాట. "చిన్నబావా, ఊట కాడ యాక క... క... కొడ్తివి? ఎనక నుంచి యాక క... క... కొడ్తివి? మొకం జూసి కొట్టరాదా?" అంటే, అన్నం తినే కాడ ఎందుకు కొట్టినవు అని. నాకు బావ అనే వరసవాళ్లే లేరు. పిల్లల పలుకు దిద్దడం నా ఉద్యోగం, నత్తి ఏనాడూ లేదు.

కోర్టులో జైలు తప్పింది. పాకో నన్ను క్షమించానన్నాడు. బడివాళ్లు మాత్రం ఇక రావద్దన్నారు. ఇంటికొచ్చి, ఉద్యోగం గడువు అయిపోయిందని చెప్పాను.

అమ్మ నా పిడికిళ్ల మీది మచ్చలు చూసింది. వారం తర్వాత ఒక మధ్యాహ్నం పట్టుబట్టింది. "నిజం జెప్పు కొడుకా, ఎవర్ని కొట్టినవ్?" చెప్పలేక వీడియో పెట్టాను. బొమ్మ చూడటానికి కళ్లద్దాలు వెతుక్కుంటూనే, గొంతు వినగానే ఆగిపోయింది.

"మా నర్సిములు" అంది. "గాడు 'క' కాడ గిట్లనే ఆగుతుండె."

నర్సిములు అంటే చనిపోయిన మేనమామ, అమ్మకు తమ్ముడు. బావిలో పడటం అబద్ధమని ఆ రోజు చెప్పింది. "చేన్ల అన్నం తింటుంటే ఎనక నుంచి గొడ్డలితోటి కొట్టిండ్రు. ముద్ద చేతిలనే ఉండె. ఎవరో తెల్వలే. నీకు గిట్ల తెల్వొద్దని బాయి అని చెప్పినం."

మళ్లీ పెట్టమంది. రెండోసారి ఆమెకు మొదటి మాట వినపడింది. అమ్మకు ఒక అక్క ఉండేది. అక్క భర్తను నర్సిములు పెద్దబావా అనేవాడు. చిన్నబావా అని అతను పిలిచే మనిషి ఒక్కడే. మా నాన్న.

నాన్న వాకిట్లో చేనుకు మందు కొట్టే పంపు కడుగుతున్నాడు. ఆ గొంతు ఆయనా విన్నాడు. గడప దాకా వచ్చి నిలబడ్డాడు. ఆ గొంతు ఎవరిదని అడగలేదు. "వీనికి ఎవరు జెప్పిండ్రు?" అని అమ్మనడిగాడు.

అమ్మ లేచి వెళ్లి పంపు గొట్టం అందుకుంది. ఇనుప గొట్టం. మొదటి దెబ్బకు కనుబొమ పగిలింది. రెండోది భుజం మీద, మూడోది చెవి మీద. "అన్నం కాడనా? పోరన్ని అన్నం కాడనా?" అంటూ కొడుతూనే ఉంది. నాన్న చెయ్యి అడ్డం పెట్టలేదు. నేను వెనక నుంచి పట్టి లాగితే నా మోచేతిని కొరికింది. నాన్న గోడకు జారగిలపడి, నెత్తురు కళ్లలోకి కారుతున్నా తుడుచుకోకుండా ఆమెనే చూస్తున్నాడు.

ఎందుకు చంపాడో ఇప్పటికీ తెలియదు. చంపానని ఆయన నోటితో అననూ లేదు. అమ్మ నాతో నాగర్‌కర్నూలు వచ్చేసింది. నేనిక్కడ ఒక బడిలో పాఠాలు చెప్తున్నాను. నాన్న పల్లెలో ఒక్కడే వండుకుంటాడు. ఒకసారి ఫోన్లో అడిగాను, "నాయినా, నిజమేనా?" అని. "మీ అమ్మ తిన్నదా?" అని పెట్టేశాడు.

చిన్నప్పుడు ఎవరో అనుకుంటుంటే విని ఉంటావు, అది మనసులో దాక్కుని ఉంటుంది అని నాకు తెలిసిన డాక్టరు అన్నాడు. నేనూ అలాగే సరిపెట్టుకోవాలని చూశాను. కానీ ఎవరు అనుకుంటుంటే? కొట్టింది చిన్నబావ అని ఆ రోజు దాకా అమ్మకే తెలియదు. తెలిసిన ఇద్దరిలో ఒకరు నేను పుట్టకముందే చనిపోయారు. రెండో మనిషి చెప్పేవాడు కాదు. ఆ మాట నా నోట్లోకి ఎలా వచ్చిందో నాకు తెలియదు.