వెనక సీటు వెర్లీన్

వెర్లీన్ హాడ్నెట్ పదకొండేళ్లు బాస్ చేపల్ని పట్టింది వేరేవాళ్ల పడవల్లోనే, వేరేవాళ్ల వీపులు చూస్తూనే.

బ్లఫ్ క్రీక్ చేపలవేట క్లబ్బు పద్ధతి అది. పడవ ఎవరిదో ముందు సీటు వారిది. పాదంతో నొక్కి నడిపే చిన్న కరెంటు మోటారు వారి కాలి కిందే ఉంటుంది కాబట్టి పడవ ఎక్కడ ఆగాలో, ఎటు తిరగాలో వారి ఇష్టం. మంచి చోట్లన్నిటా మొదటి గాలం వారిదే. వెనకవాళ్లకు మిగిలేది వాళ్లు కెలికి వదిలేసిన నీళ్లు. బడి వంటశాలలో ముప్పై ఏళ్లు గరిటె తిప్పిన జీతంతో పడవ కొనడం అయ్యే పని కాదు. వెర్లీన్‌కి వెనక సీటే గతి.

ఒక దారి ఉంది. సెప్టెంబరులో జరిగే ఆఖరి పోటీలో వెనక సీటు నుంచి ఎవరైనా అందరికన్నా ఎక్కువ తూకం చేపలు తెస్తే, క్లబ్బు సొంత పడవ మరుసటి ఏడాదంతా వాళ్లది. ఆ నియమం పుట్టి ఇరవై రెండేళ్లయింది. ఒక్కరూ గెలవలేదు. రాసినవాళ్లు కూడా నవ్వుకుంటూనే రాసి ఉంటారని నా అనుమానం. వెర్లీన్ మాత్రం నవ్వలేదు. ఒక్క ఏడాదైనా పడవ ముక్కు తన పాదం చెప్పినట్టు తిరగాలి. ఆవిడ కోరికల్లా అంతే.

ఆ సెప్టెంబరులో చీటీ తీస్తే ఆవిడకి డెల్టన్ మెక్‌కచెన్ పడవ వచ్చింది. ఎర్రగా తళతళలాడే పడవ, అంతకన్నా తళతళలాడే మనిషి. చిన్నప్పుడు వెర్లీన్ వడ్డించిన చిక్కుడుగింజలు కంచంలో వదిలేసినవాడే.

"మిస్ వెర్లీన్, వెనక హాయిగా కూర్చోండి. ఏమన్నా మిగిలితే మీకే," అన్నాడు డెల్టన్.

"నువ్వు కంచంలో ఎంత మిగిల్చేవాడివో నాకు తెలుసులే నాయనా. పోనివ్వు పడవ."

పొద్దు పొడుస్తూనే డెల్టన్ గడ్డి పక్కన గాలానికి ఎరగా కట్టిన రబ్బరు కప్పను గెంతించి, గంటలో అయిదు చేపలు పట్టాడు. ఒక్కొక్కటీ సొరకాయంత. పోటీలో మనిషికి అయిదే లెక్క. వాటిని పడవ అడుగున నీళ్ల పెట్టెలో తన అరలో వేసి, ఇక పోటీ అయిపోయినట్టే ఈల వేశాడు. వెర్లీన్ అర ఖాళీ.

తొమ్మిదయ్యేసరికి ఎండ చుర్రుమంది. బాస్‌లన్నీ నీడ వెతుక్కుంటూ ఒడ్డున ఉన్న చెక్క రేవుల కిందకు పోయాయి. డెల్టన్ రేవుల వెంట పడవను తోలుతూ, ఇంకా పెద్దది దొరికితే చిన్నదాన్ని మార్చుకుందామని ఎరగా కట్టిన చెక్కచేపను టపటపా విసిరి గరగరా లాగాడు. ఏదీ ముట్టలేదు.

వెనక సీటుకి ఒక అదృష్టముంది. అది ముందు కూర్చున్నవాడికి ఎన్నటికీ తెలియదు. రేవు గుంజకు ఎదురుగా వచ్చేటప్పుడు కనిపించేది ఎండ పక్క. దాటిపోయాక, వెనక నుంచి చూస్తేనే నీడ పక్క కనిపిస్తుంది. చేప ఉండేది అక్కడే. పదకొండేళ్లుగా వెర్లీన్ చూస్తున్నది ఆ పక్కనే.

రబ్బరు వానపామును నడుం దగ్గర గాలానికి గుచ్చింది. సీసపు గుండు కట్టలేదు. గుంజ నీడలో వదిలి, చేతులు కట్టుకున్నట్టు ఊరుకుంది. వానపాము రెండు కొసలూ ఆడిస్తూ ఆకు రాలినట్టు మెల్లగా దిగింది. చూడాల్సింది ఎరను కాదు, దారాన్ని. దారం ఉన్నట్టుండి పక్కకు జరిగింది. వెర్లీన్ గాలం కర్ర పైకెత్తింది.

మధ్యాహ్నం రెండింటికల్లా అలాంటివి అయిదు. డెల్టన్ ఈల ఎప్పుడు ఆగిపోయిందో అతనికే తెలియదు.

వెర్లీన్ చెయ్యి తడుపుకుని మరీ చేపను పట్టుకునేది, పొడి చేతికి దాని జిగురు ఊడిపోతుందని. తర్వాత తన భోజనం పెట్టెలోంచి గడ్డకట్టిన తీపి టీ సీసాలు తీసి, మూతలు బిగించి, రెండు తన అరలో దించింది. ఇంకో రెండు డెల్టన్ వైపు చాచింది.

"నీళ్లు కాగిపోతున్నాయి డెల్టన్. నీవి పొద్దుటినుంచీ అందులోనే ఉన్నాయి. వెయ్యి."

"నా పడవలో నీళ్లు తిప్పే పంపుంది మిస్ వెర్లీన్. చేపలకి టీ పార్టీ ఎందుకు?"

"నీ ఇష్టం," అని ఆవిడ ఆ సీసాలు పెట్టెలో పెట్టేసుకుంది. ఏదీ రెండుసార్లు వడ్డించే అలవాటు ఆవిడకు లేదు.

మూడింటికి తూకం. త్రాసు దగ్గర ముసలి ఓటిస్ టిడ్‌మోర్ కూర్చున్నాడు. మిగతా పడవలవాళ్లు ఎండకు వాడిపోయి, మూడేసి నాలుగేసి చేపలతో వచ్చారు. డెల్టన్ సంచి పదిహేడు పౌన్ల ఒక ఔన్సు తూగింది. జనం ఈలలు వేశారు. ఓటిస్ సంచిలో చెయ్యి పెట్టి, అన్నిటికన్నా పెద్ద చేపను పైకెత్తాడు. అది మొప్ప కదపలేదు.

"చచ్చింది. చచ్చినదానికి నాలుగు ఔన్సులు కోత," అన్నాడు ఓటిస్.

"ఇప్పుడే కదా కదిలింది!"

"నువ్వు ఊపితే కదిలింది అబ్బాయ్."

పౌనుకి పదహారు ఔన్సుల లెక్కన డెల్టన్‌కి మిగిలింది పదహారు పౌన్ల పదమూడు ఔన్సులు. తర్వాత వెర్లీన్ సంచి. లోపల చేపలు ఎగిరెగిరి కొట్టుకుంటుంటే ముల్లు నిలబడక ఓటిస్ రెండుసార్లు తిట్టుకున్నాడు. చివరికి కళ్లజోడు సర్దుకుని చదివాడు. "పదహారు పౌన్లు... పదిహేను ఔన్సులు."

రెండు ఔన్సులు ఎక్కువ! బడిలో ఆవిడ చేతి అన్నం తిన్న మగాళ్లందరూ ఒక్కసారిగా అరిచారు. వెర్లీన్ టోపీ తీసి గాల్లోకి విసిరింది. అది నీళ్లలో పడింది. పడితే పడనీ అంది. నవ్వుతూనే ఏడ్చింది, అందరి ముందూ, ఏమాత్రం సిగ్గుపడకుండా.

మరుసటి ఏడాది ఏప్రిల్‌లో మొదటి పోటీ. డెల్టన్ పడవ మోటారు మెకానిక్ దగ్గరుంది. చీటీలో అతనికి వెర్లీన్ గెలుచుకున్న క్లబ్బు పడవ వెనక సీటు వచ్చింది. వచ్చి, చిక్కుడుగింజల ముందు కూర్చున్నప్పటి మొహంతోనే కూర్చున్నాడు.

మొదటి మూడు గుంజల దగ్గరా వెర్లీన్ అతనికి చోటివ్వలేదు. ముక్కు తిన్నగా ఒడ్డుకి పెట్టి తానే గాలం వేసింది, రెండు చేపలు లాగింది. పదకొండేళ్లు ఆగిన మనిషి మరి. నాలుగో గుంజ రాగానే పాదంతో మోటారు నొక్కి, పడవను అడ్డంగా తిప్పింది. నీడ పక్క సరిగ్గా వెనక సీటుకి ఎదురుగా వచ్చి ఆగింది.

"వెయ్యి నాయనా," అంది వెర్లీన్, వెనక్కి తిరక్కుండానే. "తొందరపడకు. దారం చూడు."