జనరేటర్ గదిలో వడ్ల మూట

పోయిన యాసంగి పంటకు ఊళ్లో ఐలయ్య పోసిన వరినారు చలికి ఎర్రబడి చచ్చింది. విత్తనాన్ని గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, గోనెసంచిలో వెచ్చగా ఉంచి, మొలకెత్తాక చల్లితే నారు చలిని తట్టుకుంటుందని వ్యవసాయాధికారి చెప్పాడు. చెప్పడానికేం! కొండాపూర్‌లో ఓ ఆఫీసుకు సెక్యూరిటీ గార్డు ఐలయ్య. పట్నంలో అతని కిరాయి రేకుల గదిలో మనిషికే వెచ్చదనం లేదు, వడ్లకెక్కడిది?

అందుకే ఆదివారం ఊళ్లో చల్లాల్సిన వడ్లను నానబెట్టి, ఆఫీసు జనరేటర్ గదిలో దాచాడు. శనివారం పొద్దున మూట సూపర్‌వైజర్ కంటపడింది. విప్పించి చూస్తే వడ్లన్నీ తెల్లగా మొలకెత్తి ఉన్నాయి.

"ఎవనిదిరా ఇది? వాని డ్యూటీ ఇయ్యాల్నే బంద్!"

"తెల్వదు సార్" అన్నాడు ఐలయ్య.

"అయితే నువ్వే తీస్కపోయి చెత్తబండిల పడెయ్."

ఐలయ్య మూట మళ్లీ కట్టి భుజానికెత్తుకుని, చెత్తబండిని దాటి ఊరి బస్సు దిక్కు నడిచాడు. అది ఇంకా వెచ్చగానే ఉంది.